కోతపండుగలో కుక్కపిల్ల వేలం

మా బావ బర్నబాసుకు అడగడం రాదు.

మాటలు రాక కాదు. లెక్కలు రాక అంతకన్నా కాదు. రేపల్లెలో ఒక రైసుమిల్లులో ముప్పై ఏళ్ళుగా కాటా దగ్గర నిలబడి ధాన్యం తూచే మనిషి. ఆయన చెప్పిన తూకాన్ని రైతూ కాదనడు, మిల్లు షావుకారూ కాదనడు. ఊరందరి బస్తాల బరువూ చెప్పే ఆ నోరు, తనకు రావలసిన దాని దగ్గరకొచ్చేసరికి మూతపడిపోతుంది. బస్సులో కండక్టరు చిల్లర లేదని టిక్కెట్టు వెనక బాకీ రాసిస్తే, దాన్ని జేబులో పెట్టుకుని దిగిపోతాడు. చొక్కాలు ఉతికేటప్పుడు మా అక్క పుల్లమ్మకు అలాంటి టిక్కెట్లు ఎన్ని దొరికాయో లెక్కలేదు. హోటల్లో ఇడ్లీ చెబితే ఉప్మా తెచ్చిపెట్టినా తినేసి వస్తాడు. అడగందే అమ్మయినా పెట్టదని నేను ఆయనకు వందసార్లు చెప్పి ఉంటాను. "నిజమే జాన్సనూ" అని నవ్వేవాడు. నవ్వితే పనులు జరుగుతాయా?

ఇంకో గుణం కూడా ఉంది. తను అడగలేడు, ఎవరైనా అడిగితే కాదనలేడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఆ సంసారం ఎలా నడుస్తుందో మా అక్కనడిగితే చెబుతుంది.

నేను ఆయనకు పూర్తిగా భిన్నం. హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. నోరు పెట్టుకుని బతికేవాణ్ణి. మా లూథరన్ సంఘంలో కోతపండుగ వేలం పాడించేది కూడా నేనే. పంట ఇళ్ళకు చేరాక, ఏటా ఫిబ్రవరి మొదటి ఆదివారం ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి గుడికి తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయ, కోడి, కొబ్బరికాయలు, ఎవరికి కలిగింది వాళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చిన సొమ్ము గుడికి జమ చేస్తారు. పాడుకున్నవాళ్ళు వస్తువు అప్పుడే తీసుకెళ్ళొచ్చు, డబ్బు ఈస్టరు లోపల కట్టొచ్చు. యాభై రూపాయల గుమ్మడికాయను పదిహేను వందలు పలికించిన నోరు నాది. ఆ గొప్ప నాకు ఉండేది. ఉండేది అనే చెబుతున్నాను.

మా బావకు ఒక్కతే కూతురు, స్నేహలత. బాపట్లలో నర్సింగు చదువుతోంది. పెళ్ళయిన పదేళ్ళకు పుట్టిన పిల్ల. ఆఖరి పరీక్షలకు ముందు కట్టవలసిన ఫీజు పద్నాలుగు వేలు. ఫిబ్రవరిలో ఆ కోతపండుగ మర్నాడే, సోమవారం సాయంత్రం నాలుగు లోపల కట్టినవాళ్ళకే హాల్ టికెట్టు. కట్టకపోతే ఏడాది పోయినట్టే. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి మా బావ నవంబరు కల్లా డబ్బు కూడబెట్టి పెట్టాడు. కథ అక్కడితో అయిపోవలసింది.

తెనాలిలో వినోద్ కుమార్ అని ఒకాయన జాతికుక్కల్ని పెంచి అమ్ముతాడు. వాటికి వండి పెట్టడానికి నూకల బస్తాలు మా బావ మిల్లులోనే కొంటాడు. నవంబరులో ఒకరోజు కాటా దగ్గర నిలబడి అడిగాడు.

"లాబ్రడార్ ఆడ కుక్కపిల్ల ఒకటి మిగిలిందండి బర్నబాస్ గారూ. పద్నాలుగు వేలు. మూడు నెలలు పెంచి తెచ్చారనుకోండి, ఇరవై ఎనిమిది వేలకు నేనే తీసుకుంటా. మీరు మంచోరని మీకు చెప్తున్నా. ఏమంటారు?"

ఆయన అడిగాడు, ఈయన కాదనలేకపోయాడు. మర్నాడు పద్నాలుగు వేలూ తెనాలి వెళ్ళాయి, కుక్కపిల్ల రేపల్లె వచ్చింది. పైన వచ్చే డబ్బుతో కూతురికి ఒక వాచీ, ఉద్యోగంలో చేరేటప్పటికి నాలుగు జతల బట్టలు కొందామని మనసులో అనుకున్నాడట. రెట్టింపు అన్న మాట వినపడిన చోట నిలబడకూడదని నేను తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతుంటాను. మా బావ నా క్లాసులో కూర్చోలేదు.

మా అక్క మొదటి రోజు అన్నం వండలేదు. రెండో రోజు కుక్కకు మాత్రం వండింది. నాలుగో రోజు దానికి జున్ను అని పేరు పెట్టింది. దాని రంగు అచ్చం జున్ను రంగే. వారం తిరిగేసరికి అది ఆవిడ కొంగు పట్టుకుని వంటింట్లోకీ దొడ్లోకీ తిరగడం మొదలుపెట్టింది. నాకు ఈ ఫీజు సంగతి ఏమీ తెలియదు. ఇప్పుడు చెబుతున్నదంతా తర్వాత వాళ్ళ నోటి నుంచి రాబట్టిందే. అప్పుడు మాత్రం "ఈ వయసులో కుక్క సరదా ఏంటి బావా" అని నలుగురిలో ఏడిపించాను. ఆయన నవ్వాడు. అక్క కూడా చెప్పలేదు. నా నోటి సంగతి ఆవిడకు బాగా తెలుసు.

జనవరి రెండో వారంలో జున్నుకు రోగం వచ్చింది. వాంతులు, నెత్తురు విరేచనాలు. పశువుల డాక్టరు చూసి, పార్వో అని చెప్పి, బతికితే మీ అదృష్టం అన్నాడు. రోజూ రెండుపూటలా సెలైను. మా బావ పొద్దున్నే దాన్ని గోనెసంచిలో చుట్టుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళేవాడు, అటునుంచి అటే మిల్లుకు వెళ్ళేవాడు. మూడో రోజు మధ్యాహ్నం అది కాళ్ళు చాపేసింది. మా అక్క ఆసుపత్రి అరుగు మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఉన్నది కుక్కపిల్ల కాదు, కూతురి హాల్ టికెట్టు. ఆవిడకు దేవుడు తప్ప ఇంకెవరూ కనపడలేదు. దేవుడికి ఏమన్నా ఇస్తానని మొక్కుకుందామంటే ఇంట్లో ఇవ్వదగిన వస్తువు ఒక్కటీ గుర్తు రాలేదు. చివరికి ఆవిడ అన్న మాట ఇది.

"ప్రభువా, దీన్ని బతికించు. కోతపండక్కి దీన్నే నీకిచ్చేస్తా."

నవ్వొస్తోందా? నాకూ మొదట నవ్వే వచ్చింది. కుక్క బతికితే ఫీజు వస్తుందని ప్రార్థన, కుక్క బతికితే కుక్కనే ఇచ్చేస్తానని మొక్కుబడి. ఆ మాటే అక్కతో అంటే, "ప్రాణం మీదకొచ్చినప్పుడు లెక్కలేసుకుని మొక్కుకుంటారంట్రా ఎవరైనా?" అంది. 

సాయంత్రానికి జున్ను తల ఎత్తింది. మర్నాడు మజ్జిగ తాగింది. మొక్కుబడి సంగతి అక్క ఎవరికీ చెప్పలేదు. చెల్లించేదాకా చెప్పకూడదని ఆవిడ పట్టింపు.

జున్ను బతికింది గానీ ఎముకల గూడు అయిపోయింది. జనవరి ఆఖరి వారంలో మా బావ మిల్లుకు సెలవు పెట్టి పొద్దున బండికి తెనాలి వెళ్ళాడు. ఇరవై ఎనిమిది వేల ఆశ ఎప్పుడో పోయింది. తన పద్నాలుగు వేలు తనకిచ్చి కుక్కను వెనక్కి తీసుకోమని అడగాలి. రైల్లో కూర్చుని ఆ మాటలు పదిసార్లు వల్లె వేసుకున్నాడట. గేటు దగ్గరకు వెళ్ళాడు. వినోద్ కుమార్ బయటకు వచ్చి, "ఏంటండి బర్నబాస్ గారూ, ఇలా వచ్చారు?" అన్నాడు.

"ఊరికేనండి. ఇటు పనుండి వచ్చా."

టీ ఇస్తే తాగి, మధ్యాహ్నం బండికి రేపల్లె వచ్చేశాడు. దారి పొడుగునా తన తొడను తనే గిల్లుకున్నాడట. ఆ నీలి మచ్చలు తర్వాత మా అక్క చూసింది.

శుక్రవారం మళ్ళీ వెళ్ళాడు. ఇంక మిగిలింది మూడు రోజులు. జున్నును ఇంటి దగ్గరే ఉంచాడు, ముందు ఒప్పుకుంటే తర్వాత తీసుకెళ్ళొచ్చని. ఈసారి గేటు దాకా వెళ్ళి, గంట నొక్కడానికి కూడా చెయ్యి లేవలేదు. ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాడు. పదింటికి నిలబడినవాడు రెండింటికీ అక్కడే ఉన్నాడు. లోపల కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి. వినోద్ వాళ్ళమ్మ రంగమ్మ గారు కిటికీలోంచి చూసి చూసి, చివరికి చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది.

"ఎవరు నాయనా? పొద్దుటి నుంచీ చూస్తన్నా. ఏం కావాలి?"

ఆ నీళ్ళు తాగుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది. ఏడుపులో మాట కూడా వచ్చేసింది. ఫీజు, కూతురు, కుక్క, రోగం, అన్నీ కలగాపులగంగా చెప్పేశాడు. రంగమ్మ గారు లోపలికి వెళ్ళి కొడుకును కేకలేసింది. వినోద్ బయటకు వచ్చి నెత్తి గోక్కున్నాడు.

"పార్వో వచ్చి లేచిన కుక్కని ఎవరు కొంటారండి? ఇరవై ఎనిమిది నా వల్ల కాదు. సరే, అమ్మ చెప్తంది కాబట్టి మీ పద్నాలుగు మీకిచ్చేస్తా. కుక్కేది?"

"ఇంటికాడుందండి. రేపు తెస్తా."

"రేపు, ఎల్లుండి నేను ఊళ్ళో ఉండను. సోమవారం పదింటికల్లా తీసుకురండి, డాక్టరు రాసిన చీటీతో సహా. ఆ టైముకి గుంటూరు నుంచి ఒకాయన ఆడకుక్క కోసం వస్తన్నాడు, దీన్నే చూపిస్తా. ఆయన ఎల్లిపోయాక తెస్తే మాత్రం నన్ను అడగొద్దు."

సోమవారం పదింటికి తెనాలిలో డబ్బు చేతికొస్తే, అటునుంచి అటే రైలెక్కి నాలుగు లోపల బాపట్లలో కట్టేయొచ్చు. మా బావ ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడు. జీవితంలో మొదటిసారి ఒకటి అడిగాడు, అడిగింది దొరికింది. వాకిట్లోనే అక్కకు చెప్పాడు.

అక్క ముఖం పాలిపోయింది. అప్పుడు చెప్పింది మొక్కుబడి సంగతి. పొద్దున్నే గుడి పాస్టరు అయ్యగారి దగ్గరకు వెళ్ళి, ఆదివారం ఇచ్చే కానుకల్లో జున్ను పేరు రాయించి వచ్చానని కూడా చెప్పింది.

"మరి ఫీజు?" అన్నాడు మా బావ.

"దాన్ని బతికించినాయన ఫీజు సంగతి చూడడా?"

"సోమవారమే కదే పుల్లమ్మా."

"మొక్కి ఎగ్గొట్టమంటావా? రేపు పిల్లకేమన్నా అయితే?"

ఆ తర్వాత ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. జున్ను ఒకసారి ఈయన దగ్గరకు, ఒకసారి ఆవిడ దగ్గరకు తిరిగిందట.

శనివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. ఇది నేను స్వయంగా చూసింది, నా కళ్ళ ముందు జరిగింది. వాళ్ళిల్లు మాకు రెండు వీధుల అవతలే. గడప దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఉంది. మా ఆవిడ కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు, కాఫీ చల్లారిపోయింది. నేనేం చేశాను? మర్నాటి వేలం గురించి మాట్లాడాను. గుడి శ్లాబు కారుతోంది, ఈసారి పాట లక్ష దాటించాలి, రమేష్ బాబు బాపట్ల నుంచి వస్తున్నాడు, అతనితో ఎలా పాడిస్తానో చూడు. అరగంట వాయించాను. ఆయన మధ్యలో ఒకే ఒక్క మాట అడిగాడు.

"జాన్సనూ, ఇచ్చినోళ్ళు తమ కానుక తామే పాడుకోవచ్చా?"

"ఎందుకు పాడుకోకూడదు? ముసలి మరియమ్మ గారు ఏటా తన కోడిని తనే పాడుకుంటది. దేవుడికి కావలసింది పాట, కోడి కాదు," అన్నాను. నా చమత్కారానికి నేనే నవ్వాను.

ఆయన తల ఊపి లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఉపాయం నాకు తర్వాత అర్థమైంది. ఆదివారం జున్నును గుడికిచ్చేస్తారు, మొక్కుబడి తీరుతుంది. ఈయన దాన్ని ఐదువందలకో ఆరువందలకో పాడుకుంటాడు, ఆ డబ్బు ఈస్టరు లోపల కట్టుకుంటాడు. సోమవారం పదింటికి తెనాలి. దేవుడికీ బాకీ లేదు, కూతురికీ బాకీ లేదు. చిక్కుముడిని పళ్ళతో విప్పినట్టు విప్పుకున్నాడు పాపం. ఒక్కటే మర్చిపోయాడు, పాడించేది నేనని.

ఆదివారం గుడి నిండిపోయింది. గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు అయ్యాక జున్ను వంతు వచ్చింది. మెడలో బంతిపూల దండ వేసి మా అక్కే ఎత్తుకొచ్చి బల్ల మీద నిలబెట్టింది. కోతపండుగలో కుక్కపిల్లను ఎవరూ ఎన్నడూ చూడలేదు. జనం నవ్వులు, చప్పట్లు. నాకు ఇంకేం కావాలి?

"చూడండి, చూడండి! పొలంలో పండింది కాదు, మా అక్క ఒళ్ళో పండింది! ఐదొందల నుంచి పాట!"

"ఐదొందలు," అన్నాడు మా బావ ముందు వరసలోంచి. ఆయన గొంతు గుళ్ళో వినపడటమే వింత.

"అబ్బో! ఇచ్చిన ఇంటోళ్ళే పాడుతున్నారు. ఇంతేనా? ఈ గుళ్ళో మగాళ్ళు లేరా?"

వెనక నుంచి రమేష్ బాబు లేచాడు. బాపట్లలో కాంట్రాక్టులు చేస్తాడు. మంచివాడు. వాళ్ళ నాన్న ఈ గుళ్ళోనే ఉపదేశిగా పనిచేసి చనిపోయాడు.

"మా నాన్న పేరు మీద వెయ్యి, మాస్టారూ."

"వెయ్యిన్నూట," అన్నాడు మా బావ.

"రెండు వేలు."

"రెండు వేల నూట."

ఇద్దరు పాటగాళ్ళు దొరికితే నాకు పూనకం వస్తుంది. అటు తిరిగి రమేష్ బాబును "మీ నాన్న పేరు రెండు వేలేనా?" అన్నాను. ఇటు తిరిగి "బావా, కుక్క నీ వంకే చూస్తంది" అన్నాను. ఐదు వేలు దాటింది. ఎనిమిది దాటింది. జనం అరుగుల మీదకెక్కి చూస్తున్నారు. రమేష్ బాబు వేలల్లో పెంచుతున్నాడు, మా బావ ప్రతిసారీ దాని మీద ఒక నూరు వేస్తున్నాడు. పదమూడు వేలు. పదమూడు వేల నూట. పద్నాలుగు వేలు.

అక్కడ మా బావ ఆగాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ముప్పై ఏళ్ళు తూకం వేసిన మనిషికి ఆ లెక్క తెలియదా? తెనాలిలో వచ్చేది పద్నాలుగు. ఆపైన పాడే ప్రతి నూరూ వచ్చేదానికి మించిన బాకీ. కానీ సోమవారం దాటితే కూతురి ఏడాది పోతుంది, ఈస్టరుకు ఇంకా రెండు నెలలుంది. మునిగేవాడు లోతు చూసుకుంటాడా?

"ఏంటి బావా, అయిపోయిందా?" అన్నాను నేను, మైకులో.

"పద్నాలుగు వేల నూట."

రమేష్ బాబు ఇరవై వేలన్నాడు. "ఇరవై వేల నూట" అన్నాడు మా బావ. "ఇంక బాబాయిగారికే వదిలేస్తన్నా మాస్టారూ. ఆయన భక్తి ముందు నేనెంత," అని రమేష్ బాబు నవ్వుతూ చేతులు జోడించి కూర్చున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. బల్ల మీద అరచేత్తో కొట్టాను. గుడి కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. "మా బావ ఇరవై వేలు ఎక్కడ దాచాడో మా అక్కక్కూడా తెలీదు!" అన్నాను. జనం విరగబడి నవ్వారు. ఆడవాళ్ళ వైపు మా అక్క మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాప మీద కూలబడింది.

అయ్యగారు లేచారు. ఇంత గొప్ప కానుక ఇచ్చిన సహోదరుడు నాలుగు మాటలు సాక్ష్యం చెప్పాలన్నారు. మా బావ వచ్చి జున్నును చంకలో పెట్టుకుని, రెండో చేత్తో మైకు పట్టుకున్నాడు. మైకు కీచుమంది.

"భక్తి కాదండి," అన్నాడు. "నేను భక్తితో పాడలేదు. దీన్ని రేపు పదింటికి తెనాల్లో అమ్మినాయనకి తిరిగిచ్చెయ్యాలండి. ఇస్తే ఆయన పద్నాలుగు వేలు వాపసు ఇస్తానన్నాడు. అవి మా స్నేహలత ఫీజు. రేపు నాలుగింటికి ఆఖరు. పుల్లమ్మ మొక్కుబడి తీర్చాలని ఇక్కడికి తెచ్చాం. నేను ఇరవై వేలు కట్టలేనండి. ఎప్పటికీ కట్టలేను. నా దగ్గర ఐదొందలుంది." జేబులోంచి నోటు తీసి బల్ల మీద పెట్టాడు. "దేవుడి దగ్గర్నించి తిరిగి అడక్కూడదని తెలుసండి. అడుగుతున్నా. ఐదొందలకి నా కుక్కని నాకు ఇప్పించండి."

 మా బావ మైకు నా చేతికిచ్చేశాడు.

సంఘం పెద్ద పున్నారావు గారు గొంతు సవరించుకున్నాడు. "బాధ నిజమే గానీ, పాడినాయన కట్టలేకపోతే ముందు పాట ఆయనకి చెందుద్ది. అది నియమం. ఇరవై వేలంటే శ్లాబులో సగం పని అయిపోద్ది," అన్నాడు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. అందరూ రమేష్ బాబు వైపు చూశారు. రమేష్ బాబు తల దించుకున్నాడు.

అయ్యగారు నా వైపు తిరిగారు. "పాట మీది మాస్టారూ. మీరే చెప్పండి."

ఇరవై రెండేళ్ళుగా వేలం పాడిస్తున్నాను. ఎవరూ పాడరేమోనని భయపడటం నాకు అలవాటు. ఆ రోజు మొదటిసారి, ఎవరన్నా పాడతారేమోనని భయపడ్డాను.

"ఇందాకటి పాట రద్దు," అన్నాను.  "మళ్ళీ మొదటి నుంచి. కుక్కపిల్ల. బర్నబాస్ గారి పాట ఐదొందలు. ఒకటోసారి."

మూడు వందల మంది ఉన్నారు. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

"రెండోసారి."

రమేష్ బాబు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. పున్నారావు గారు నోరు తెరిచి, చుట్టూ చూసి, మళ్ళీ మూసుకున్నాడు. ఒకటో రెండో క్షణాలు ఆగవలసిన చోట నేను ఆగలేదు.

"మూడోసారి!"

ఈసారి చప్పట్లు లేవు. మా బావ జున్ను వీపులో ముఖం దాచుకుని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను.

సోమవారం నేను స్కూలుకు సెలవు పెట్టి ఆయనతో బయలుదేరాను. జున్నును బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పాడు. మా అక్క స్టేషను దాకా వచ్చి, దాని నోట్లో అన్నం ముద్ద పెట్టి, రైలు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తెనాలి చేరేసరికి తొమ్మిదిన్నర. గుంటూరు ఆయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. వినోద్ కుమార్ డాక్టరు చీటీ చూశాడు, కుక్క పళ్ళు చూశాడు, నోట్లు లెక్కపెట్టాడు.

"బాగా చిక్కింది కదండీ. మందులు, తిండి నాకు మళ్ళీ ఖర్చు. పన్నెండు తీసుకోండి," అన్నాడు.

నేను నోరు తెరిచాను. మా బావ నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"పద్నాలుగన్నారండి. పద్నాలుగే ఇవ్వాలి," అన్నాడు.

వినోద్ ఆయన ముఖం చూసి ఇంకేమీ అనకుండా మిగతా రెండు వేలూ తీశాడు. గేటు మూస్తుంటే జున్ను లోపలి నుంచి కమ్మీల మీద కాళ్ళు పెట్టి ఒకటే ఏడుపు. మా బావ స్టేషను దాకా వెనక్కి చూడలేదు. దారిలో రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మూడుంబావుకు బాపట్లలో ఫీజు కట్టాం. స్నేహలతకు ఈ సంగతులేవీ తెలియవు. "ఇద్దరూ వచ్చారేంటి మావయ్యా?" అని నవ్వుతూ రసీదు తీసుకుని క్లాసుకు పరిగెత్తింది. మేం స్టేషనుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. తిరుగు బండికి ఇంకా గంట టైముంది. నిన్నటి నుంచీ నన్ను తినేస్తున్న మాట అప్పుడు అడిగేశాను. కొంచెం కోపంగానే అడిగాను.

"రెండు వీధుల అవతలే ఉన్నాను కదా బావా. శనివారం మా ఇంటికి కూడా వచ్చావు. అడిగితే నేనివ్వనా? పద్నాలుగు వేలు నేనివ్వలేనా?"

"ఇస్తావు జాన్సనూ. అడగడానికే వచ్చా," అన్నాడు. ఆయన గొంతులో నా మీద కోపం ఏ మాత్రం లేదు. "నాకు అడగడం రాదని ముప్పై ఏళ్ళుగా నలుగురికీ చెప్పి నవ్విస్తన్నావు. అంత బాగా తెలిసినోడివి, ఏమైంది బావా అని నువ్వైనా అడక్కపోయావా?"